ఇద్దరు స్కోరర్లున్న కుర్ర జట్టులో షాట్ ఎవరిది?

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2011, 2012 నాటి ఓక్లహోమా సిటీ థండర్ మ్యాచ్‌లు ఇప్పుడు వరసగా చూస్తున్నాను. లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టే డ్యురాంట్ పక్కనే ఉండగా, బంతిని నడిపించే పాయింట్ గార్డ్ వెస్ట్‌బ్రూక్ అన్నేసి షాట్లు వేయడమేమిటి? ఒక్కొక్కరికి ఇన్ని షాట్లని కోచ్ ముందే చెప్పేస్తే టైటిల్ వచ్చేది కదా? హార్డెన్‌ను వదులుకున్నది కూడా షాట్లు చాలకేనా?"

సూటిగా చెప్పేస్తాను. తలకిన్ని అని షాట్లు లెక్కగట్టి పంచితే పని జరగదు. ఎందుకంటే షాట్ ఎవరికి వస్తుందో సగం నిర్ణయించేది ఎదుటి జట్టు డిఫెన్స్. కోచ్ చేతిలో ఉండేవి మూడు. బంతి ముందుగా ఎవరికి చేరుతుంది, కోర్టులో ఏ చోట చేరుతుంది, అప్పటికి షాట్ క్లాక్‌లో, అంటే ఒక్కో దాడికి ఇచ్చే 24 సెకన్లలో, ఎన్ని సెకన్లు మిగిలి ఉంటాయి. ఈ మూడూ కుదిరితే షాట్ల సంఖ్య చాలావరకు దానంతటదే కుదురుతుంది. ఆ థండర్ జట్టులో అసలు లోపం వెస్ట్‌బ్రూక్ స్వార్థం కాదు, ఈ మూడింటిని సరిగ్గా కుదర్చకపోవడం అని నా అభిప్రాయం. నేను కోచింగ్ ఇచ్చేది కాలేజీ, జిల్లా స్థాయి జట్లకు. ఎన్‌బీఏతో దానికి పోలికే లేదు. కానీ "వాడు నాకు బంతి ఇవ్వట్లేదు సార్" అనే ఫిర్యాదు మాత్రం అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

ముందు ఆ కుర్రాళ్లెవరో గుర్తు చేసుకుందాం. కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2007లో డ్యురాంట్ రెండో పిక్. వెస్ట్‌బ్రూక్ 2008లో నాలుగో పిక్. అదే ఏడాది 24వ పిక్ ఇబాకా. హార్డెన్ 2009లో మూడో పిక్. సియాటిల్ నుంచి ఓక్లహోమా సిటీకి మారిన తొలి సీజన్ 2008-09లో జట్టు 23 గెలిచి 59 ఓడింది. తొలి 13 మ్యాచ్‌లలో ఒక్కటే గెలవడంతో కోచ్‌ను తప్పించి స్కాట్ బ్రూక్స్‌కు పగ్గాలిచ్చారు. మరుసటి ఏడాదే 50 విజయాలు. 21 ఏళ్లకే డ్యురాంట్ మ్యాచ్‌కు 30.1 పాయింట్లతో స్కోరింగ్ టైటిల్ కొట్టాడు. అంత చిన్న వయసులో ఆ టైటిల్ గెలిచినవాళ్లు అంతకుముందు లేరు. 2012లో ఫైనల్స్‌కు చేరేనాటికి డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్‌లకు 23, హార్డెన్, ఇబాకాలకు 22. మన దగ్గర ఆ వయసుకు ఇంజనీరింగ్ సప్లీలు రాస్తుంటారు.

ఇప్పుడు మీరు అడిగిన లెక్క. 2011-12 సీజన్‌లో డ్యురాంట్ మ్యాచ్‌కు 19.7 షాట్లు వేశాడు, వెస్ట్‌బ్రూక్ 19.2, బెంచ్ మీద నుంచి వచ్చే హార్డెన్ 10.1. డ్యురాంట్ దాదాపు 50 శాతం, వెస్ట్‌బ్రూక్ 46 శాతానికి కాస్త తక్కువ, హార్డెన్ 49 శాతం బాస్కెట్ చేశారు. ఈ వరసను చూసిన ఎవరికైనా తట్టేది ఒకటే: వెస్ట్‌బ్రూక్ దగ్గర నాలుగు తీసి హార్డెన్‌కు రెండు, డ్యురాంట్‌కు రెండు ఇచ్చేస్తే సరి. కాగితం మీద అయిపోయింది. కోర్టులో అలా అవ్వదు.

ఎందుకో చెప్పాలంటే సగటుకీ తర్వాతి షాట్‌కీ ఉన్న తేడా చూడాలి. డ్యురాంట్ వేసిన ఇరవై షాట్లూ ఒకే రకం కావు. అందులో పది సులువైనవి: ఫాస్ట్ బ్రేక్‌లో లేఅప్, స్క్రీన్ (డిఫెండర్‌కు అడ్డంగా నిలబడిన సహచరుడు) చుట్టూ తిరిగి ఒంటరిగా అందుకుని ఎగిరి వేసిన జంపర్. ఇంకో ఐదు మధ్యరకం. మిగతా ఐదు క్లాక్ అయిపోతుంటే ఇద్దరి మీదుగా విసిరినవి. అతనికి మరో రెండు షాట్లు ఇవ్వాలంటే ఆ రెండూ మొదటి పదిలోంచి రావు. సులువైనవి అప్పటికే వేసేశాడు కాబట్టి వచ్చేవి చివరి ఐదులాంటివే. సగటు 50 శాతం అయినా, అదనంగా వేయించే షాట్ 35 శాతమే పడొచ్చు. అటు వెస్ట్‌బ్రూక్ నుంచి తీసేసేది అతని చెత్త షాట్ అన్న హామీ కూడా లేదు. "తక్కువ వెయ్యి" అని చెప్పగానే కుర్రాడు ముందు మానేసేది బాస్కెట్ మీదకు దూసుకెళ్లడం. అది అతని మంచి షాట్. 17 అడుగుల దూరంలో పరుగు ఆపి వేసే పుల్ అప్ జంపర్ మాత్రం అలాగే ఉండిపోతుంది, అది అలవాటు కనుక.

బ్రయన్ స్కిన్నర్ అనే భౌతికశాస్త్రవేత్త 2010లో దీన్ని ట్రాఫిక్‌తో పోల్చి వివరించాడు. అందరూ దగ్గరి దారి అని ఒకే రోడ్డు పట్టుకుంటే ఆ రోడ్డు చుట్టుదారి అంత నెమ్మదవుతుంది. కొందరు చుట్టుదారిన వెళ్తే అందరికీ సగటున సమయం కలిసొస్తుంది, కానీ తనంతట తాను చుట్టు తిరగాలని ఎవడికీ ఉండదు. బాస్కెట్‌బాల్‌లో దగ్గరి దారి మీ స్టార్ ఆటగాడు. అతని సగటు మిగతావాళ్ల సగటుకు సమానమయ్యేదాకా బంతి అతనికే ఇస్తూ పోతే జట్టు నష్టపోతుంది. అంతకంటే ముందే ఆగాలి. అతని సగటు ఇంకా అందరికంటే పైనే కనిపిస్తున్నప్పుడు, "మంచిగా పడుతున్నాయి కదా, అతనికే ఎందుకివ్వరు" అని స్టేడియం మొత్తం అరుస్తున్నప్పుడే, నాలుగో ఆటగాడితో షాట్ వేయించాలి. చెప్పడం తేలిక. 18 వేల మంది అరుస్తుంటే చేయడం కష్టం.

ఇంకో మాట. షాట్ల సంఖ్య అనే గణాంకమే కొంత మోసం చేస్తుంది. 2011 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ (లీగ్ ఫైనల్స్‌కు ముందు రౌండ్) తొలి మ్యాచ్‌లో డల్లాస్ ఆటగాడు డర్క్ నొవిట్‌స్కీ ఇదే థండర్ మీద 48 పాయింట్లు కొట్టాడు. వేసిన షాట్లు 15 మాత్రమే, అందులో 12 పడ్డాయి. ఫౌల్‌కు ఇచ్చే ఫ్రీ త్రోలు 24 వస్తే 24 వేశాడు, అవి షాట్ల లెక్కలోకి రావు. స్కోరుషీట్‌లో 15 షాట్లే కనిపిస్తాయి గానీ, డల్లాస్ ఆట మొత్తం ఆ రోజు అతని చుట్టూనే తిరిగింది. అందుకే షాట్లకు బదులు యూసేజ్ చూస్తారు. అంటే, ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు పొసెషన్లలో (బంతి చేతికొచ్చిన దాడుల్లో) ఎన్ని శాతం అతని షాట్‌తోనో, ఫ్రీ త్రోతోనో, బంతి పోగొట్టుకున్న టర్నోవర్‌తోనో ముగిశాయన్నది. ఐదుగురూ సమానమైతే తలా 20. 2011-12లో వెస్ట్‌బ్రూక్‌ది 33కు దగ్గర, డ్యురాంట్‌ది 31, హార్డెన్‌ది 22కు కాస్త లోపు. ఇద్దరూ కలిసి కోర్టులో ఉంటే మూడింట రెండు వంతుల దాకా వాళ్లవే అన్నమాట. ఇందులో దోషం ఉందా? ఆ ఏడాది థండర్ దాడి లీగ్‌లో అగ్రశ్రేణి దాడుల్లో ఒకటి, 66 మ్యాచ్‌ల కుదించిన సీజన్‌లో 47 గెలిచారు. అసిస్టుల్లో (బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లలో) మాత్రం లీగ్ అట్టడుగున ఉన్నారు. రెండూ నిజమే. రెగ్యులర్ సీజన్‌లో ప్రతిభతో నెట్టుకొచ్చిన లోటు అది. సీజన్ తర్వాతి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థి మిమ్మల్ని రెండు వారాల పాటు చదువుతాడు, అప్పుడు బయటపడుతుంది.

అంతకు ముందు సీజన్‌లోనే, 2011 ప్లేఆఫ్స్‌లో మెంఫిస్ మీద, అది అలా బయటపడింది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ సిరీస్‌లోనే ఉంది, వీలైతే మళ్లీ చూడండి. ఈసారి బంతిని కాదు, బంతి లేని డ్యురాంట్‌ను చూడండి. మెంఫిస్ దగ్గర టోనీ అలెన్, షేన్ బాటియే ఉన్నారు, ఇద్దరూ మొండి డిఫెండర్లు. డ్యురాంట్ అప్పటికి సన్నగా, తేలికగా ఉండేవాడు. స్క్రీన్ మీద నుంచి ఫ్రీ త్రో గీత మూలకు రావాల్సినవాడిని భుజంతో నెట్టి నెట్టి త్రీ పాయింట్ గీత బయటికి తోసేసేవాళ్లు. అతనికి దారి దొరికేసరికి క్లాక్‌లో పది సెకన్లు ఖర్చయిపోయేవి. ఈలోగా బంతి ఎవరి చేతిలో ఉంది? వెస్ట్‌బ్రూక్ చేతిలో. మొదటి ఆప్షన్ మూసుకుపోయింది, రెండో ఆప్షన్ అంటూ ఆ ప్లేలో పెద్దగా లేదు, క్లాక్ 9, 8, 7 అని దిగుతోంది. అతనేం చేస్తాడు? తన మనిషిని దాటుకుని వేసేస్తాడు. టీవీలో మనకు కనిపించేది ఆ చివరి మూడు సెకన్లు. వ్యాఖ్యాత "డ్యురాంట్‌కు బంతే అందలేదు" అంటాడు. బంతి అందనివ్వనిది మెంఫిస్.

ఆ సిరీస్ నాలుగో మ్యాచ్ మూడు ఓవర్‌టైమ్‌లు నడిచి థండర్ 133-123తో గెలిచింది. వెస్ట్‌బ్రూక్ 33 షాట్లు వేసి 40 పాయింట్లు, డ్యురాంట్ 35. గెలిచిన మ్యాచ్ తర్వాత కూడా చర్చంతా ఆ 33 మీదే. నిజానికి వాటిలో తప్పుబట్టాల్సినవి ఉన్నాయి, కాదనను. క్లాక్‌లో ఇంకా 17, 18 సెకన్లుండగా, ఎవరూ కదలకముందే, పరిగెత్తుకొచ్చి ఆగి వేసిన జంపర్లు. ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో అతని షూటింగ్ 40 శాతం దాటలేదు. ఈ రెండు రకాలనూ విడదీసి చూడాలి. క్లాక్ అయిపోతూ వేసినది కోచ్ ఖాతాలో రాయాలి. 18 సెకన్లుండగా వేసిన పుల్ అప్ ఆటగాడి ఖాతాలో. "వెస్ట్‌బ్రూక్ 33 షాట్లు" అని ఒకే మాటగా అనేస్తే ఎవరికి ఏం చెప్పి దిద్దాలో తెలియదు.

ఆ తర్వాతి రౌండ్‌లో డల్లాస్ మీద రెండో మ్యాచ్. నాలుగో క్వార్టర్ మొత్తం బ్రూక్స్ వెస్ట్‌బ్రూక్‌ను కూర్చోబెట్టి రిజర్వ్ గార్డ్ ఎరిక్ మేనర్‌ను ఆడించాడు. థండర్ 106-100తో గెలిచింది. హార్డెన్ 23, బెంచ్ మొత్తం 50 పాయింట్లు. అప్పుడు చాలామంది "చూశారా, అతను లేకపోతేనే బంతి తిరుగుతోంది" అన్నారు. కానీ ఆ సిరీస్‌లో థండర్ గెలిచింది ఆ ఒక్కటే. నాలుగో మ్యాచ్‌లో ఐదు నిమిషాలుండగా 15 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని ఓవర్‌టైమ్‌లో 112-105తో ఓడారు. ఆ ఐదు నిమిషాలు చూస్తే జట్టంతా ఆటను సాగదీస్తూ కనిపిస్తుంది. ముందంజలో ఉన్నాం కదా అని క్లాక్ కరిగించి, చివర్లో ఒక్కడే తన డిఫెండర్‌తో తలపడి షాట్ వేయడం. కుర్ర జట్లకు ఇది జబ్బు. ఆలస్యంగా వేసేది మంచి షాట్ అనే భ్రమ. ఇదే స్కిన్నర్ తర్వాత చేసిన మరో విశ్లేషణలో ఎన్‌బీఏ జట్లు క్లాక్ మొదట్లో షాట్ వేయడానికి అవసరానికి మించి వెనకాడుతున్నాయని తేల్చాడు. కాబట్టి త్వరగా వేసిన ప్రతి షాట్ తప్పు కాదు. 18 సెకన్లుండగా మూలలో ఖాళీగా ఉన్న షూటర్ వేసే త్రీ పాయింటర్ బంగారం. అదే 18 సెకన్లకు చేతి ముందు చెయ్యి ఉండగా వేసే రెండు పాయింట్ల జంపర్ దండగ. 24 సెకన్ల నిబంధన 1954లో వచ్చిందే జట్లు బంతి దాచుకుని ఆటను చంపేస్తున్నాయని.

ఇక షాట్లు పంచడమంటే ఏమిటో అదే జట్టు అద్భుతంగా చూపించిన మ్యాచ్ కూడా ఉంది. 2012 వెస్టర్న్ ఫైనల్స్, శాన్ ఆంటోనియో మీద. స్పర్స్ అప్పటికి వరసగా 20 మ్యాచ్‌లు గెలిచి సిరీస్‌లో 2-0తో ముందున్నారు. థండర్ మూడోది గెలిచింది. నాలుగో మ్యాచ్‌లో ఇబాకా 11 షాట్లు వేసి 11 పడేశాడు. పెర్కిన్స్ 9లో 7, నిక్ కొలిసన్ 4లో 4. బాస్కెట్ దగ్గర ఆడే ఈ ముగ్గురు పెద్దోళ్లు కలిపి 24లో 22! డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్ పిక్ అండ్ రోల్ (సహచరుడు స్క్రీన్ పెట్టి బాస్కెట్ వైపు వెళ్లే ఎత్తు) మీదకు స్పర్స్ ఇద్దరిద్దరిని పంపుతుంటే, వెనక ఖాళీ అయిన చోటికి ఇబాకా వచ్చి నిలబడ్డాడు. బంతి ఆలస్యం లేకుండా వచ్చింది. ఇబాకాకు 11 షాట్లు ఇవ్వాలని ఎవరూ కోటా రాయలేదు. డిఫెన్స్ ఇచ్చిన చోటికి బంతి వెళ్లింది, అంతే. మరి డ్యురాంట్ నష్టపోయాడా? 36 పాయింట్లు, అందులో 18 నాలుగో క్వార్టర్‌లో. మూడు క్వార్టర్లు పెద్దోళ్లు పడేయడం వల్ల చివర్లో స్పర్స్ వాళ్లను వదిలి రాలేకపోయారు, డ్యురాంట్‌కు దారి దొరికింది. నాలుగో ఆటగాడికి ముందే ఇచ్చిన షాట్ చివర్లో మొదటి ఆటగాడికి వడ్డీతో తిరిగొస్తుంది. థండర్ ఆ సిరీస్‌ను 4-2తో గెలిచింది.

ఫైనల్స్‌లో మయామీ దాన్ని కొనసాగనివ్వలేదు. నాలుగో మ్యాచ్‌లో వెస్ట్‌బ్రూక్ 32 షాట్లు వేసి 20 పడేసి 43 పాయింట్లు కొట్టాడు. డ్యురాంట్ 28. హార్డెన్ మాత్రం 10 షాట్లలో 2. 104-98తో ఓటమి. ఆ 32 షాట్లను ఎవరైనా తప్పుబడితే నేను ఒప్పుకోను. పదహారుకు పది పడుతున్న మనిషిని ఆపమని ఏ కోచ్ అంటాడు? అక్కడి సమస్య మూడో మనిషి కనపడకపోవడం. ఆ సిరీస్ మొత్తంలో హార్డెన్ 37.5 శాతమే వేశాడు.

సరే, కోచ్ ఏం చేయొచ్చు? నేను నమ్మే పద్ధతి చెప్తాను. ఇందులో కొంత పెద్ద జట్ల వీడియోలు కోసి చూస్తూ నేర్చుకున్నది, కొంత కుర్రాళ్ల మీద అమలు చేసినది.

అన్నిటికంటే ముందు, షాట్‌కు మార్కులు వేయండి, పడిందా లేదా అని చూడకుండా. మర్నాడు వీడియోలో షాట్ చేతి నుంచి వదిలిన క్షణం దగ్గర ఆపేయండి. బంతి బాస్కెట్‌లో పడిందో లేదో ఎవరికీ చూపించొద్దు. క్లాక్ ఎంత, డిఫెండర్ ఎంత దూరం, నీకంటే మంచి చోట ఎవరైనా ఖాళీగా ఉన్నారా, అది నువ్వు ప్రాక్టీస్ చేసే షాటేనా. మార్కు వేయాల్సింది కోచ్ కాదు, వేసినవాడే. మొదటి వారం అందరూ తమకు తాము పదికి తొమ్మిది వేసుకుంటారు. రెండో వారానికి పక్కవాడు నవ్వడం మొదలుపెడతాడు, మూడో వారానికి మార్కులు నిజానికి దగ్గరవుతాయి. పాయింట్ గార్డ్‌ను అందరి ముందు "ఎందుకు వేశావు" అని నిలదీయడం కంటే ఇది వంద రెట్లు నయం. నిలదీస్తే వాడు తర్వాతి మ్యాచ్‌లో ఖాళీగా ఉన్నా వేయడు, అలిగి పాస్ చేస్తాడు. అలకతో చేసిన పాస్‌ను డిఫెన్స్ ఇట్టే పసిగడుతుంది.

"పాస్ చెయ్" అనే మాట కూడా మానేయాలి. దానికి అర్థమే లేదు. ఎక్కడి నుంచి, ఎప్పుడు అన్నది చెప్పాలి. వెస్ట్‌బ్రూక్ లాంటివాడికైతే: మొదటి ఎనిమిది సెకన్లలో బాస్కెట్ దాకా వెళ్లగలిగితే వెళ్లు, ఎవరినీ అడగక్కర్లేదు. బాస్కెట్ దాకా దారి లేకపోతే ఆగి వేయొద్దు, బంతిని అటుపక్కకు మార్చు. మధ్య ఎనిమిదిలో బంతి ఒక్కసారైనా పెయింట్‌లోకి (బాస్కెట్ ముందున్న గడిలోకి) వెళ్లి రావాలి, డ్రిబుల్‌తోనైనా పాస్‌తోనైనా. చివరి ఎనిమిదిలో పుల్ అప్ నీదే, పడకపోయినా నేనేం అనను. ఇలా చెప్తే ఆటగాడికి తన నుంచి ఏదో లాగేసుకున్నట్టు అనిపించదు. అతనికి ఇష్టమైన షాట్ అతనికే ఉంది, సమయం మాత్రమే మారింది.

మూడోది, స్కోరర్‌ను స్క్రీన్ పెట్టేవాడిగా వాడటం. డ్యురాంట్‌ను త్రీ పాయింట్ గీత బయటికి తోస్తున్నారా? అయితే అతనే వచ్చి వెస్ట్‌బ్రూక్ డిఫెండర్‌కు స్క్రీన్ పెట్టాలి. అప్పుడు అతన్ని తోసే డిఫెండర్‌కే చిక్కు. బంతితో దూసుకొచ్చేవాడిని ఆపాలా, తన మనిషితో ఉండాలా? రెండు సెకన్లలో జవాబు చెప్పాలి. బంతి కోసం ఎదురుచూడ్డం పోయి, బంతే అతని దగ్గరికి నడిచొస్తుంది. బ్రూక్స్ ఇది వాడలేదని కాదు, స్పర్స్ సిరీస్‌లో బాగా వాడాడు. ఆఖరి నిమిషాల్లో మాత్రం తరచూ పాత అలవాటుకే వెళ్లిపోయేవాడు, ఒకరికి బంతి ఇచ్చి నలుగురు చూడ్డం.

నిమిషాల సర్దుబాటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముగ్గురు స్కోరర్లుంటే ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెట్టొద్దు, ముగ్గురినీ ఎక్కువసేపు కలిపీ ఆడించొద్దు. హార్డెన్‌ను బెంచ్ మీద నుంచి తేవడం ఆ లెక్కలో మంచి నిర్ణయమే, 2012లో బెంచ్ ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు అతనికే వచ్చింది.

చివరిగా కోచ్‌ల చేతుల్లో లేని విషయం ఒకటుంది. అది డబ్బు. ఎన్‌బీఏలో డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వచ్చినవాడి తొలి కాంట్రాక్ట్ దాదాపు ఇంత అని ముందే ఖరారై ఉంటుంది. రెండో కాంట్రాక్టే జీవితం మారుస్తుంది. దాన్ని నిర్ణయించే వాటిలో మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు అన్నది పెద్దది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి "మంచి స్క్రీన్ పెట్టావు" అని చెప్తే సంతోషిస్తాడు, కానీ అతని ఏజెంట్ సంతోషించడు. దీన్ని దాచిపెట్టి నీతులు చెప్పే కోచ్‌ను కుర్రాళ్లు నమ్మరు. నీ పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయో నేను చూపిస్తాను, అవి తేలిక పాయింట్లు అవుతాయి అని చెప్పగలిగితే వింటారు. దీనికి రుజువు కావాలంటే డ్యురాంట్‌నే చూపించొచ్చు. 2015-16లో ఓక్లహోమా సిటీకి మ్యాచ్‌కు 19.2 షాట్లు వేసి 50.5 శాతం పడేశాడు. మరుసటి ఏడాది గోల్డెన్ స్టేట్‌కు వెళ్లి 16.5 షాట్లే వేశాడు, 53.7 శాతం పడ్డాయి. ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా అతనే. చేతులు అవే, షాట్లు వేరు. అదే ఏడాది ఒంటరిగా మిగిలిన వెస్ట్‌బ్రూక్ 24 షాట్లు వేశాడు, యూసేజ్ దాదాపు 42, అప్పటికి అదో రికార్డు. ట్రిపుల్ డబుల్ సగటుతో, అంటే పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ పదికి పైగా, సీజన్ ఎంవీపీ అయ్యాడు. జట్టు 47 గెలిచింది. గోల్డెన్ స్టేట్ 67.

కుర్ర జట్టు ఇది సరిగ్గా చేసిన ఉదాహరణ కోసం మరో ఊరికి పోనక్కర్లేదు. అదే ఓక్లహోమా సిటీ, అదే జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టీ, 2024-25. షై గిల్జియస్ అలెగ్జాండర్ మ్యాచ్‌కు 21.8 షాట్లు వేసి 32.7 పాయింట్లు చేశాడు. అంటే 2011-12 నాటి డ్యురాంట్ కంటే, వెస్ట్‌బ్రూక్ కంటే ఎక్కువ వేశాడు. ఎవరూ గొడవ చేయలేదు. ఎందుకంటే మొదటివాడు ఎవరన్నది అక్కడ స్పష్టం. అతను బాస్కెట్ మీదకు వెళ్తే ఏమవుతుందో మిగతా నలుగురికీ తెలుసు. జట్టు టర్నోవర్లు లీగ్‌లోనే అతి తక్కువ. ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో జేలెన్ విలియమ్స్ 25 షాట్లు వేసి 40 పాయింట్లు కొట్టాడు. ఆ రోజు షై 31 పాయింట్లతో పాటు 10 అసిస్టులు ఇచ్చాడు. 2012 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో వెస్ట్‌బ్రూక్ కొట్టిన 43ను దీని పక్కన పెట్టి చూడండి. రెండో స్కోరర్ చెలరేగిన మ్యాచ్‌లే రెండూ. ఒకదాంట్లో మిగతా ఆట ఆగిపోయింది, రెండోదాంట్లో నడిచింది. షై, జేలెన్‌లకు ఒక సౌలభ్యం ఉంది లెండి. 2011లో లేనన్ని త్రీ పాయింటర్లు ఇప్పుడు వేస్తున్నారు, డిఫెండర్లు దూరంగా చెదిరి కోర్టులో ఖాళీ పెరిగింది. అప్పట్లో, పెద్దగా షాట్లు వేయని పెర్కిన్స్, సెఫలోషా ఒకేసారి కోర్టులో ఉంటే వాళ్ల డిఫెండర్లు వచ్చి డ్యురాంట్ దారిలో నిలబడేవాళ్లు. అది కోచ్ తప్పో, జట్టు కట్టినవాళ్ల తప్పో మీరే తేల్చుకోండి.

వెస్ట్‌బ్రూక్ గురించి ఇంకొక్క మాట. "పాయింట్ గార్డ్ అంటే ముందు పాస్ ఇవ్వాలి" అని అతన్ని తిట్టినవాళ్లు ఒకటి మర్చిపోయారు. యూసీఎల్‌ఏలో అతను ఆడింది డారెన్ కొలిసన్ అనే పాయింట్ గార్డ్ పక్కన. ఆ పని అతనికి ప్రధానంగా అప్పగించింది ఎన్‌బీఏలోనే, 20 ఏళ్ల వయసులో, టీవీ ముందు. నేర్చుకుంటూ ఆడాడు.

ఇక హార్డెన్. షాట్లు చాలక వదులుకున్నారా అని అడిగారు. 2012 అక్టోబర్‌లో అతన్ని హ్యూస్టన్‌కు పంపింది ప్రధానంగా జీతాల లెక్క వల్ల. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్, ఇబాకాలకు అప్పటికే కొత్త కాంట్రాక్టులు ఇచ్చేశారు. నాలుగోది కూడా గరిష్ఠ స్థాయికి దగ్గరగా ఇస్తే లగ్జరీ ట్యాక్స్ (జీతాలు పరిమితి దాటితే లీగ్‌కు కట్టే పన్ను) తడిసి మోపెడవుతుంది. అతనికి కొత్త కాంట్రాక్ట్ ఇవ్వడానికి గడువు అక్టోబర్ 31, నాలుగు రోజుల ముందు డీల్ అయిపోయింది. కెవిన్ మార్టిన్, జెరెమీ ల్యాంబ్, కొన్ని డ్రాఫ్ట్ పిక్‌లు వచ్చాయి. హ్యూస్టన్‌లో తొలి ఏడాదే హార్డెన్ మ్యాచ్‌కు 17 షాట్లు వేసి 25.9 పాయింట్లు చేశాడు. తర్వాత ముగ్గురూ ఎంవీపీలయ్యారు: డ్యురాంట్ 2014, వెస్ట్‌బ్రూక్ 2017, హార్డెన్ 2018.

షాట్లు సరిపోయేవా అంటే, కూడిక చేసి చూద్దాం. జట్టు మొత్తం మ్యాచ్‌కు 80 దాకా షాట్లు వేస్తుంది. డ్యురాంట్‌కు 19, వెస్ట్‌బ్రూక్‌కు 18, హార్డెన్‌కు 15 అనుకుంటే 52. మిగిలిన 28 ఇబాకాకు, బెంచ్‌కు, మూలలో నిలబడే షూటర్‌కు. ఇరుకే గానీ అసాధ్యం కాదు. పెర్కిన్స్, సెఫలోషా అసలు షాట్లు అడిగే మనుషులే కాదు. హార్డెన్ బంతి పట్టుకున్న నిమిషాల్లో వెస్ట్‌బ్రూక్‌ను మూలలోంచి బాస్కెట్ వైపు పరిగెత్తించాలి (దీన్నే కట్ అంటారు), వెస్ట్‌బ్రూక్ పట్టుకున్నప్పుడు హార్డెన్ త్రీ పాయింట్ గీత దగ్గర ఉండాలి. 2011-12లో అతను 39 శాతం త్రీలు వేశాడు కాబట్టి వదిలేసే ధైర్యం ఏ డిఫెండర్‌కూ ఉండదు. కష్టమైన భాగం వెస్ట్‌బ్రూక్‌దే, బంతి లేనప్పుడు అతని జంపర్‌కు ఎవరూ భయపడరు. కానీ వెనక నుంచి దూసుకొచ్చే అతని కట్‌ను ఆపగలిగిన గార్డ్ ఆ రోజుల్లో లీగ్‌లో నాకు కనపడలేదు. ఆ ప్లే అతని కోసం తగినన్ని సార్లు గీయనే లేదు.